ఆఖరి బెంచీకి ఏం చేరింది?

(విద్యా సాంకేతికత రంగంలో పరిశోధన గురించి, గతంలో ఉపాధ్యాయినిగా పనిచేసిన ఒక పరిశోధకురాలు తిరుపతిలో ఎం.ఇడి., ఎం.టెక్. విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

వేదిక మీద ఉన్న గురువులకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ ఇంకా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

చదువులో అసమానతలు తగ్గించడానికి సాంకేతికత ఎలా ఉపయోగపడుతుంది, ఆ రంగంలో పరిశోధన ఎలా చేయాలి అన్నది నాకిచ్చిన అంశం. పీహెచ్‌డీకి చేరాలా వద్దా, చేరితే ఎక్కడ చేరాలి, ఎంతకాలం పడుతుంది అని మీలో చాలామంది ముందే అడిగారు. వాటికి సమాధానం చెప్పే ఇక్కడి నుంచి వెళతాను. అయితే దానికి ముందు ఒక తీసివేత లెక్క ఉంది. దయచేసి మీ నోటు పుస్తకంలో వేసుకోండి. 52లోంచి 27 తీసేయాలి.

పరిశోధనలోకి రాకముందు నేను పలమనేరు వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పేదాన్ని. ఆరో తరగతిలో ఆఖరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి ఈ లెక్కకు 35 అని జవాబు రాసేది. 64లోంచి 38 తీసేయమంటే 34 అని రాసేది. 71లోంచి 46 తీసేయమంటే మళ్ళీ 35. మా బడికి అప్పట్లో కంప్యూటర్లలో వేసి ఇచ్చిన ఒక గణిత సాఫ్ట్‌వేర్ ఉండేది. దాని ముందు కూర్చోబెడితే "తప్పు, మళ్ళీ ప్రయత్నించు" అని ఎర్ర అక్షరాలు వచ్చేవి. ఆమె మళ్ళీ ప్రయత్నించేది, అదే పద్ధతిలో, ఇంకాస్త శ్రద్ధగా. మధ్యలో 58లోంచి 23 తీసేయమనే లెక్క వచ్చేది. దానికీ 35 అనే రాసేది, అది ఒప్పు కాబట్టి తెర మీద నక్షత్రం మెరిసేది. పది లెక్కల్లో నాలుగు ఒప్పు. ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆమె నలభై శాతం వచ్చిన పిల్ల, అంతే. ఆమె ఏమనుకుని ఆ జవాబు రాస్తోందో దానికి అక్కరలేదు.

ఒకరోజు పక్కన కూర్చుని, "ఎట్ట చేసినావో నాకు చెప్పమ్మా" అని అడిగాను. "రెండులోంచి ఏడు పోదు కదా మేడం, అందుకే ఏడులోంచి రెండు తీసేసినా" అంది. చూడండి, అందులో తర్కం ఉంది. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని ఒకటో తరగతిలో విన్న మాటను ఆ పిల్ల అప్పటినుంచీ తూచా తప్పకుండా పాటిస్తోంది. అగ్గిపుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ఆమె ముందు పెట్టి, ఇందులోంచి 27 నాకు ఇవ్వమన్నాను. రెండు కట్టలు వెంటనే ఇచ్చింది. విడి పుల్లలు రెండూ ఇచ్చింది. ఇంకా ఐదు ఇవ్వాలి. చాలాసేపు కట్టల వైపు చూసి, నా వైపు చూసి, "కట్ట విప్పొచ్చా మేడం?" అని అడిగింది.

ఆ ప్రశ్న దగ్గర నుంచే నా పరిశోధన మొదలైందని చెప్పాలి. ఆ పిల్లకు ఇన్నేళ్లూ కావలసింది ఆ అనుమతే. బడిలో కంప్యూటరు ఉంది, కరెంటు ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది, నేనూ ఉన్నాను. అయినా కట్ట విప్పవచ్చని ఆమెకు చెప్పినవారు లేరు. మరి మేమంతా కలిసి ఆ పిల్లకు అందించినది ఏమిటి?

ఇలాంటి తప్పు యథాలాపంగా జరిగేది కాదని, దాని వెనక ఒక నియమం ఉంటుందని 1978లోనే జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చూపించారు. తీసివేతల్లో పిల్లలు చేసే తప్పులను వాళ్ళు 'బగ్గులు' అన్నారు. 'బగ్గీ' అనే ప్రోగ్రాము రాసి, పిల్లల జవాబుల నుంచి వెనక్కి నడిచి వాళ్ళు పాటిస్తున్న నియమాన్ని పట్టుకునేలా ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చేందుకు దాన్ని వాడారు. మా అమ్మాయి పాటించిన నియమం ఆ జాబితాలో అన్నిటికంటే ముందు కనబడేదే. దాన్ని గుర్తించే విద్య 1978 నుంచీ ఉంది. చిత్తూరు జిల్లాలో ఒక బడికి వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో మాత్రం లేదు. కనిపెట్టడానికీ అందడానికీ మధ్య ఉన్న ఈ దూరమే మన రంగంలో పరిశోధించవలసిన విషయమని నేను నమ్ముతాను. ట్యాబు ఎంత సన్నగా ఉంది, తెర ఎంత పెద్దది అన్నవి మన ప్రశ్నలు కావు.

చేరవేయడంలో మన దేశానికి పెద్ద చరిత్రే ఉంది, అదీ మన ఇరుగుపొరుగున. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా దాదాపు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపిన 'సైట్' ప్రయోగంలో, ఎంపికైన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. విద్య కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబరు 20న ఎగిరింది ఎక్కడి నుంచి? ఇవాళ మన తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే. ఆ శాస్త్రవేత్తల పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. అయినా ఒక మాట గమనించండి. ఆకాశం నుంచి దిగిన పాఠం అందరికీ ఒకటే పాఠం. మొదటి బెంచీ పిల్లవాడికీ, కట్ట విప్పవచ్చో లేదో తెలియని పిల్లకూ అదే పాఠం, అదే వేగం.

ఉపగ్రహాల తర్వాత పిల్లకో కంప్యూటరు ఇద్దామన్నారు. పెరూ దేశం లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 గ్రామీణ పాఠశాలలను తీసుకుని చేసిన పరిశీలన 2012లో వెలువడింది. పిల్లల చేతుల్లోకి కంప్యూటర్లు వెళ్ళాయి, గణితంలో గానీ భాషలో గానీ మార్పు కనబడలేదు. దీని మీద ఎక్కువ సమయం తీసుకోను, ఎందుకంటే వస్తువు పంచితే చదువు రాదన్న సంగతి మీకు కొత్త కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాస్త నిదానంగా వినండి, ఇందులో అంకెలు ఉన్నాయి.

'అసర్' సర్వే మీకు తెలుసు. గ్రామాల్లో ఇళ్ళకు వెళ్ళి, పిల్లల చేతికి ఒక చిన్న పాఠం ఇచ్చి చదివిస్తారు. మన రాష్ట్రంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 22.6 శాతం. కరోనా తర్వాత, 2022లో, 10.3 శాతం. అంటే పదిమందిలో ఒకరు. మిగిలిన తొమ్మిదిమందికీ మనం మూడో తరగతి పాఠం చెబుతున్నాం, తర్వాత నాలుగో తరగతి పాఠం చెబుతాం, ఆ తర్వాత ఐదు. పాఠం ముందుకు పోతుంది, పిల్లలు అక్కడే ఉంటారు.

ఈ దూరం ఎలా పెరుగుతుందో ఢిల్లీలో చేసిన ఒక అధ్యయనం కొలిచి చూపింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అనే ముగ్గురు దాన్ని 2019లో ప్రచురించారు. వాళ్ళు పరిశీలించిన ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులు. 619 మంది పిల్లల్లో లాటరీ తీసి, చీటీ వచ్చిన వారిని బడి అయ్యాక ఒక కేంద్రానికి పంపారు. పిల్ల ఎక్కడ ఆగిందో కనిపెట్టి అక్కడి నుంచే మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్ అక్కడ ఉంది. వారానికి ఆరు రోజులు, రోజుకు 90 నిమిషాలు. అందులో సగం సమయం కంప్యూటరుతో, సగం సమయం చిన్న బృందంగా ఒక మనిషితో. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేరకు లాభం వచ్చింది. ప్రామాణిక విచలనం అంటే పిల్లల మార్కులు సగటుకు ఎంత అటూ ఇటూగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. మన రంగంలో ఇది పెద్ద లాభమే.

చాలామంది ఇక్కడ చప్పట్లు కొట్టి ఆగిపోతారు. మీరు ఆగకండి. ఆ లాభం ఎవరికి వచ్చింది? వెనకబడిన పిల్లలకూ, ముందున్న పిల్లలకూ దాదాపు సమానంగా వచ్చింది. అయితే ఆ కేంద్రానికి వెళ్ళని పిల్లల్లో బాగా వెనకబడినవారు, బడికి రోజూ వెళుతూ కూడా, ఆ నెలల్లో దాదాపు ఏమీ నేర్చుకోలేదు. కాబట్టి ఆఖరి బెంచీ పిల్లకు ఆ లాభం శూన్యం మీద వచ్చిన లాభం. ఆ పిల్ల దృష్టితో చూస్తే అది ఎంతో ఎక్కువ. మరి మొదటి బెంచీకీ ఆఖరి బెంచీకీ మధ్య దూరం తగ్గిందా? ఇద్దరూ సమానంగా ముందుకు జరిగితే మధ్య దూరం అంతే ఉంటుంది కదా! ఇంకొక సంగతి. ఆ పిల్లలు ఎదిగినా, బడిలో పెట్టే తరగతి స్థాయి గణితం పరీక్షలో ఆ ఎదుగుదల పెద్దగా కనబడలేదు. మూడో తరగతి స్థాయి నుంచి నాలుగున్నరకు ఎక్కిన పిల్లకు ఏడో తరగతి ప్రశ్నపత్రం ఇస్తే ఏం కనబడుతుంది? పిల్ల ఎక్కిన మెట్లు ఆ పేపరుకు అందవు.

నేను కూడా ఈ సంగతి ఆలస్యంగా గ్రహించాను. మా బడికి ట్యాబులు వచ్చిన ఏడాది మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి నేనే పరీక్ష పెట్టి మార్కులు పట్టిక వేశాను. సగటు పెరిగింది. సంతోషంగా ఆ పట్టిక తీసుకుని, తర్వాత నాకు గైడుగా ఉన్న గురువుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన పట్టిక అంతా చూసి, "పెరిగింది సరేనమ్మా, ఎవరికి పెరిగింది?" అని అడిగారు. ఇంటికి వచ్చి పిల్లలను మూడు గుంపులుగా విడదీసి మళ్ళీ వేశాను. పెరిగినదంతా పై గుంపుదే. కింది గుంపు పేర్లు ఒక్కొక్కటీ చదువుకుంటూ ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. వాళ్ళందరి ముఖాలూ నాకు తెలుసు. అందుకే అంటున్నాను: మీ సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, "అభ్యసన ఫలితాల మీద ప్రభావం" అని రాసేటప్పుడు, ఏ పిల్లల ఫలితాల మీద అన్న మాట రాయకుండా వదలకండి. సగటు పెరగడం వేరు, అంతరం తగ్గడం వేరు. రెండోది కొలవాలంటే మొదటి రోజు నుంచే దానికి తగ్గట్టు నమూనా ఎంచుకోవాలి, చివర్లో గుర్తొస్తే కుదరదు.

సాంకేతికత ఉపాధ్యాయుడి స్థానంలోకి రావాలా, పక్కన నిలబడాలా అని ఎప్పుడూ అడుగుతూ ఉంటారు. దీనికి అభిప్రాయాలు అక్కరలేదు, కొలిచి చూసినవారు ఉన్నారు. గుజరాత్‌లో లీ లిండెన్ చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. ఒకే కంప్యూటరు కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో పాఠం చెప్పే సమయంలోనే, దాని బదులుగా నడిపారు. మరికొన్ని బడుల్లో బడి అయ్యాక అదనంగా నడిపారు. పాఠానికి బదులుగా నడిపిన చోట పిల్లలు 0.57 ప్రామాణిక విచలనాలు నష్టపోయారు. అదనంగా నడిపిన చోట 0.28 లాభపడ్డారు. సాఫ్ట్‌వేర్ ఒకటే. పెట్టిన చోటు మారింది, లాభం నష్టమయింది. కాబట్టి "ఫలానా యాప్ పనిచేస్తుందా?" అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ బడిలో, ఏ గంటలో, ఎవరు పక్కన ఉండగా అన్నది కూడా చేరిస్తేనే అది పరిశోధన ప్రశ్న అవుతుంది.

సాంకేతికత అనగానే మనకు తెర గుర్తొస్తుంది. మదనపల్లె దగ్గర ఋషి వ్యాలీకి మీలో ఎంతమంది వెళ్ళారు? చేతులు ఎత్తండి. చాలా తక్కువమంది. ఇంత దగ్గర ఉన్నాం, వెళ్ళి రండి. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఆ కార్డుల వరుసను ఒక నిచ్చెనగా గోడకు తగిలించారు. పిల్ల తానే నిచ్చెన దగ్గరకు వెళ్ళి, తన మెట్టు ఏదో చూసుకుని, ఆ కార్డు తెచ్చుకుని పని మొదలుపెడుతుంది. వారం రోజులు బడికి రాకపోయినా తిరిగి వచ్చి తన మెట్టు దగ్గరే అందుకుంటుంది. ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలు పిల్ల స్థాయిని బట్టి నడిచే సాఫ్ట్‌వేర్ అని చెప్పేదాని మూలసూత్రం ఇదే. ఇక్కడ అట్టముక్కల మీద, కరెంటు లేకుండా నడిచింది. తమిళనాడు ప్రభుత్వం 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతటా తెచ్చిన కృత్యాధార బోధనకు ప్రేరణ ఇక్కడిదే. ఎం.టెక్. విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. కోడు రాయడానికి కూర్చునే ముందు ఒక పూట ఆ నిచ్చెన ముందు నిలబడండి.

ఇక భాష. మన ప్రాంతం నుంచి వచ్చే పరిశోధకులు మాత్రమే చేయగలిగిన పని ఇక్కడ ఉంది కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

మాటను యంత్రం గుర్తుపట్టేలా చేసిన తొలితరం శాస్త్రవేత్తల్లో అగ్రగణ్యులు రాజ్ రెడ్డి గారు. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న ఆయన అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో పుట్టారు. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి తొలి కులపతి కూడా ఆయనే. ఆయన పుట్టిన నేల మీద ఇవాళ ఒక పిల్ల ఫోను ముందు పెట్టుకుని తెలుగు పాఠం పైకి చదివితే ఏం జరుగుతోంది? నేను చూసినది చెబుతాను. కుప్పం వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి పిల్లవాడి ముందు చదువు వినే యాప్ ఒకటి పెట్టాం. తెర మీద "రాము సంతకు వెళ్ళాడు" అని ఉంది. పిల్లవాడు ఎక్కడా ఆగకుండా "రాము సంతకు పోయినాడు" అని చదివాడు. యాప్ తప్పు అన్నది. పిల్లవాడు గొంతు తగ్గించి మళ్ళీ చదివాడు, ఈసారి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ.

ఏం జరిగిందో ఆలోచించండి. "వెళ్ళాడు" అన్నచోట "పోయినాడు" అన్నాడంటే ఆ పిల్లవాడు వాక్యాన్ని అర్థం చేసుకుని, తన మాటలోకి మార్చుకుని చెప్పాడన్నమాట. చదవడం వచ్చిన పిల్లవాడే ఆ పని చేయగలడు. అక్షరం మారింది, అర్థం చెక్కు చెదరలేదు. ఉపాధ్యాయుడైతే ముందు ఆ సంగతి మెచ్చుకుని, తర్వాత అక్షరం వైపు చూపు తిప్పుతాడు. యంత్రం అతని ఇంటి భాషను తప్పుగా లెక్కగట్టి, బాగా చదివే పిల్లవాణ్ణి కూడబలుక్కునే పిల్లవాడిగా మార్చింది. ఇదే యాప్ ముందు పుస్తకాల భాష మాట్లాడే ఇంటి పిల్లను కూర్చోబెడితే నక్షత్రాలు వచ్చేవి. అసమానతను తగ్గించడానికి తెచ్చిన పనిముట్టే ఇక్కడ దాన్ని పెంచింది.

దీనికి కారణాలు సాంకేతికమైనవే, కాబట్టి పరిష్కరించదగినవే. పెద్దల గొంతులతో నేర్పిన యంత్రానికి పిల్లల గొంతు సరిగా పట్టుబడదు. పిల్లల స్వరం హెచ్చుగా ఉంటుంది, వాళ్ళ ఉచ్చారణ ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. పైగా మన సరిహద్దు పల్లెల్లో ఇంట్లో తమిళమో కన్నడమో, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు పుస్తకం. సత్యవేడు పిలకాయలు, వి.కోట పిలకాయలు మాట్లాడే తెలుగు ఏ డేటాలో ఉంది? ఎవరో ఒకరు కూర్చుని వాళ్ళ చదువు రికార్డు చేసి, ఎక్కడ తప్పు చదివారు, ఎక్కడ తమ యాసలో చదివారు అని గుర్తులు పెట్టాలి. ఆ తేడా చెవికి తెలియాలంటే ఈ నేల మీద పెరిగి ఉండాలి. ఒత్తులు, గుణింతాల దగ్గర పిల్లలు ఏ క్రమంలో తడబడతారన్నది కూడా ఇంగ్లీషు పిల్లల మీద చేసిన పరిశోధనలో దొరకదు. అక్కడ ఇరవై ఆరు అక్షరాలు. మనకు అక్షరాలు, గుణింతాలు, సంయుక్తాక్షరాలు కలిపితే వందల రూపాలు, వాటిని నేర్చుకోవడానికి పిల్లలకు ఏళ్ళు పడుతుంది. అందులో ఒక చిన్న భాగాన్ని శ్రద్ధగా పరిశీలించినా అది మంచి థీసిస్ అవుతుంది.

ఒక హెచ్చరిక. పిల్లల గొంతు పిల్లలది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి, రుజువు చేయదగిన అనుమతి, ఉండాలి. హెడ్మాస్టరు సంతకంతో సరిపెట్టకండి. తల్లి దగ్గరకు వెళ్ళి, ఏం రికార్డు చేస్తున్నామో, ఎందుకో, ఎప్పుడు చెరిపేస్తామో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పి అడగండి. ఆమె వద్దంటే అక్కడితో ఆపేయండి.

స్మార్ట్‌ఫోను కూడా లేని ఇళ్ళ మాటేమిటని అడుగుతారు. బోట్స్వానాలో కరోనా కాలంలో నోమ్ ఆంగ్రిస్ట్ బృందం మామూలు ఫోనుకు వారానికి ఒక కాల్ చేసి, ఒక సందేశం పంపి, కూడికలు తీసివేతలు నేర్పింది. 2022లో ప్రచురించిన ఆ ఫలితాల్లో 0.12 ప్రామాణిక విచలనాల మేరకు లాభం కనబడింది. తర్వాత మన దేశంతో సహా మరికొన్ని దేశాల్లోనూ చేసి చూశారు. మన దగ్గర దీనికి జోడించవలసిన ప్రశ్నలు వేరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో టమోటా లారీ వెంట పోతుంది. మామిడి కాలంలో అమ్మ గుజ్జు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. కాల్ ఎన్ని గంటలకు చేయాలి? ఎత్తేది అన్న అయితే చెల్లెలి చేతికి ఫోను ఇస్తాడా? ఇవి చిన్న ప్రశ్నలు అనుకోకండి, కార్యక్రమం నిలబడేదీ పడిపోయేదీ వీటి మీదే.

చివరగా మీరు అడిగిన ఆచరణ విషయాలు త్వరగా చెబుతాను. ఎం.ఇడి. చేసినవారు విద్యాశాస్త్రంలో యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయండి. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం వచ్చినవారు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. ఐఐటీ బాంబేలో విద్యా సాంకేతికతలో పీహెచ్‌డీ 2010 నుంచి ఉంది, అక్కడ ఇంజనీర్లు, ఉపాధ్యాయులు కలిసి పనిచేస్తారు. విజ్ఞాన, గణిత బోధన వైపు అయితే ముంబయిలోనే హోమీ భాభా కేంద్రం ఉంది. ఊరు వదలలేనివారు ఇక్కడే చేరండి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ అన్నీ ఈ పట్నంలోనూ దగ్గర్లోనూ ఉన్నాయి. విద్యా విభాగంలో చేరితే కంప్యూటర్ సైన్స్‌లో ఒక సహ గైడు కోసం ప్రయత్నించండి, అక్కడ చేరినవారు ఇటు రండి. కనీసం మూడేళ్ళు, సాధారణంగా నాలుగైదేళ్ళు పడుతుంది. మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా వారానికి రెండు రోజులు ఒకే బడిలో, ఒకే తరగతిలో కూర్చోండి. గణాంక శాస్త్రం తప్పించుకోకండి. ఎం.ఇడి. వారికి అది భయం, ఎం.టెక్. వారికి పిల్లల ముందు కూర్చోవడం భయం. రెండూ నేర్చుకుంటే పోయేవే.

మీ చేతికి ఇచ్చిన తెల్ల కాగితాల సంగతి. మీకు తెలిసిన ఒక్క పిల్లో పిల్లవాడో, పేరు రాయవద్దు, ఏ లెక్క దగ్గర లేదా ఏ అక్షరం దగ్గర ఆగిపోయారో, అక్కడ ఆ పిల్లలు ఏమనుకుంటున్నారని మీకు తోస్తోందో నాలుగు వాక్యాలు రాయండి. సాయంత్రం ఐదింటి వరకు గ్రంథాలయం పక్క గదిలో ఉంటాను. కాగితం తెచ్చిన ప్రతి ఒక్కరితో కూర్చుని, దాన్ని పరిశోధన ప్రశ్నగా ఎలా మార్చాలో చూద్దాం. ఇప్పుడు మీ ప్రశ్నలు. ఆ చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉంచింది, మైకు ముందు అక్కడికి ఇవ్వండి.